మెత్తని అద్దం

టెలిస్కోపు కొన్న పదిమందిలో తొమ్మిదిమంది మొదటిరోజు చూసేది చంద్రుణ్ని కాదు, మూతని. గొట్టం మూతికున్న మూత తీయాలని వాళ్లకెవరూ చెప్పరు. తీసిన పుణ్యాత్ములకు పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు తలకిందులుగా కనపడుతుంది. ఇదేదో చెడిపోయిన సరుకు అనుకుని, పెట్టెలో సర్ది అటకెక్కిస్తారు.

ఈ సంగతి నాకింత బాగా ఎందుకు తెలుసంటే, ఆ సరుకు చేసేది నేనే. నా పేరు హైమవతి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే ఆ షెడ్డు తీసుకుని, పలకరాయి నునుపు చేసిన యంత్రాల మీదే గాజు నునుపు చేసి, బడిపిల్లల కోసం చిన్న టెలిస్కోపులు కడుతున్నాను. తోడుగా మస్తాన్‌వలి ఉన్నాడు. వాళ్ల నాన్న అదే షెడ్డులో పలకలు కోశాడు, ఇతను అద్దాలు అరగదీస్తాడు. చెయ్యి బంగారం. కళ్లే అంతంతమాత్రం. సోడాబుడ్డి కళ్లద్దాలు తీస్తే గోడకీ గుమ్మానికీ తేడా తెలియదు.

ఒకసారి మేమిచ్చిన టెలిస్కోపు ఎలా వాడుతున్నారో చూద్దామని ఇద్దరం ఒక పల్లెటూరి బడికి వెళ్లాం. సైన్సు మాస్టారు మర్యాదగా టీ ఇప్పించి, "రెండేళ్ల నుంచి చూస్తున్నాం మేడం. నల్లగా ఉంటది. ఆకాశం నల్లగానే ఉంటది గదా అని సర్దుకున్నాం" అన్నారు. నేను లేచి వెళ్లి మూత తీశాను. ఆయన ముఖం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిరుగు బస్సులో మస్తాన్ మార్కాపురం దాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ వస్తువు మీద.

అద్దాల టెలిస్కోపు నిలబెట్టుకోవడం నిజంగానే ఓ తద్దినం. మూడు కాళ్ల స్టాండు సమంగా నిలవాలి. గొట్టం ముందుకూ వెనక్కూ వాలకుండా తూగాలి. గొట్టం మీద గురి చూసుకోవడానికుండే చిన్న దుర్బిణి, ఫైండరును పగటి వెలుగులోనే దూరంగా ఉన్న దేనిమీదో పెట్టి, పెద్ద గొట్టం చూపుతో కలపాలి. అడుగున పెద్ద అద్దం, మూతి దగ్గర ఏటవాలుగా చిన్న అద్దం ఉంటాయి. రెండూ ఒకదాని ముఖం ఒకటి సూటిగా చూసుకోవాలి. వెంట్రుకవాసి తప్పినా చుక్కకి తోక మొలుస్తుంది. ఇదంతా అయ్యాక ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లు ఫోకస్ తిప్పుకోవాలి. అప్పటికి చుక్క పక్కకి జరిగిపోయి ఉంటుంది, చూడాలని సరదా పడినవాళ్లు భోజనానికి వెళ్లిపోయి ఉంటారు.

ఈ బాధేమీ లేకుండా మూత తీసి కన్ను పెట్టగానే కనపడాలని పంతం పట్టాను. మూడేళ్లు పట్టింది. దానికి మెత్తపూత అని పేరు పెట్టుకున్నాం.

అది అద్దం మీద పూసే ఒక పొర. దుమ్ముకన్నా సన్నని గింజలతో చేసింది. కంట్లోకి వెళ్లిన వెలుగులో ఇసుమంత వెనక్కి తిరిగి అద్దం మీదికే వస్తుంది. ఆ తిరిగొచ్చిన వెలుగును బట్టి, ఈ కన్ను ఎక్కడ తడబడుతోందో గింజలు పసిగట్టి, కొన్ని లేచి, కొన్ని అణిగి, అద్దాన్ని ఆ కంటికి తగ్గట్టు వంచుతాయి. దానికి స్విచ్చి లేదు, బ్యాటరీ లేదు. వెలుగే తిండి.

మొదటిసారి పరీక్షించిన సాయంత్రం నేను కావాలనే అద్దాల్ని వంకరగా బిగించాను. ఫోకస్ ముట్టుకోలేదు. మస్తాన్ కళ్లద్దాలు తీయించి, గొట్టం దగ్గర కూర్చోబెట్టాను. కాసేపు "ఏం లేదక్కా, పాలు ఒలికినట్టుంది" అన్నాడు. తర్వాత నోరు తెరిచాడు.

"ఉంగరం! ఉంగరం కనపడతంది అక్కా!"

"శనిగ్రహం."

"పుట్టి బుద్ధెరిగినాక అద్దాల్లేకుండా నేను సరిగ్గా చూసిన మొదటి వస్తువు శని. ఇంట్లో చెప్తే తంతారు." అతని కళ్లెంట నీళ్లు. నేనూ ముక్కు చీదుకుంటూ పక్కకి తిరిగాను.

ఇక మా అత్త వెంగమ్మ గురించి చెప్పాలి. మా షెడ్డు పలకల ఫ్యాక్టరీగా ఉన్న రోజుల్లో ఆవిడ అందులో పనిచేసింది. ఇరవై రెండో ఏట రాతి పెచ్చు ఎగిరి ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటితోనే ముప్పై ఏళ్లు పలకలు తనిఖీ చేసింది. పలకను కంటికి ఎదురుగా ఎత్తి, అంచు వెంబడి ఒక్క చూపు చూసి, వంకర ఉంటే పక్కకి విసిరేది. వెంగమ్మ కన్ను దాటిందంటే ఇంక కొలబద్ద అక్కర్లేదని ఊళ్లో అనేవాళ్లు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా నా చీర అంచుకు పట్టిన నూనె మరక గుమ్మంలో ఉండగానే పట్టేసేది.

మెత్తపూత వేసిన టెలిస్కోపు ఒకటి మా డాబా మీద పెట్టాను. మొదట్లో ఆవిడ దాని దగ్గరికే రాలేదు. ఒకరోజు డాబా మీద వడియాలు తీస్తుంటే నేనే పిలిచాను.

"ఒక కన్ను మూసుకుని చూడాలత్తా."

"మూసుకునే పని నాకు లేదులే" అని వంగింది.

చంద్రుడు నిండుగా ఉన్నాడు. ఆవిడ చాలాసేపు లేవలేదు. లేచి, "ఏందమ్మే, ఇన్నాళ్లూ నాతో చెప్పలేదు? దీని ముందర అందరూ ఒంటికన్నోళ్లే గదా!" అంది. ఆ మాట అంటూ ఆవిడ నవ్విన నవ్వు నేను పదిహేడేళ్ల కాపురంలో చూడలేదు.

అప్పటినుంచి ప్రతి సాయంత్రం పొద్దు వాలగానే డాబా ఎక్కేది. నేనూ పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. పూత ఆవిడ కంటికి ఎంతసేపట్లో కుదురుకుంటుందో రాసుకోవడం నా పని. మొదటిరోజు నలభై సెకన్లు. ఇరవయ్యో రోజు ఆరు. నలభయ్యో రోజు కన్ను పెట్టడమే ఆలస్యం. ఆ అంకెలు చూసి నేను పొంగిపోయాను. పూత నేర్చుకుంటోందనుకున్నాను. ఆవిడ కన్ను మరిచిపోతోందని నా బుర్రకు తట్టలేదు.

ఆరు వందల బడులకు టెలిస్కోపులు కావాలని ఒక సంస్థ మమ్మల్ని అడిగింది. రాత్రింబగళ్లు పనిచేసి ఆరు వందల అద్దాలకూ మెత్తపూత వేసి పెట్టెలు కట్టాం. సోమవారం లారీ వస్తుంది. అంతకు రెండు రోజుల ముందు, శనివారం పొద్దున పదింటికి, ఏవో కాగితాలు మరిచిపోయి షెడ్డు నుంచి ఇంటికి వచ్చాను. సందు మలుపు తిరిగేసరికి మా డాబా మీద టెలిస్కోపు గొట్టం కనపడింది. అది ఆకాశంకేసి లేదు. సూటిగా నాకేసి ఉంది.

పైకి వెళ్లాను. అత్త స్టూలు మీద కూర్చుని కన్ను పెట్టి ఉంది.

"ఈ ఎండలో ఏం చూస్తున్నావత్తా?"

"నిన్నే. సందులోకి వచ్చింది నువ్వో, పాలు పోసే మనిషో తెలియలా."

"నేను కాకపోతే ఎవరొస్తారు? కిందనుంచే చూడొచ్చు గదా."

నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ ముఖం నా వైపు తిప్పింది గానీ, చూపు నా చెవి పక్కనుంచి పోయింది.

"కిందనుంచి చూస్తే అలుక్కుపోయినట్టు ఉంటారమ్మే మనుషులు. నీళ్ల అడుగున ఉన్నట్టు. ఇందులో అయితే నీ మొకం కనపడద్ది. తలకిందులుగా ఉంటది, అంతే. అలవాటైంది."

చెయ్యి ఎత్తి వేళ్లు చూపించాను.

"ఆ ఆటలొద్దు. కనపడటంలా."

"ఎన్నాళ్లయింది?"

"పదిహేను దినాలు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపేస్తావు గదా. ఆరువందల బళ్లు చూస్తాయంటివి. ముసల్దాని కన్నుకోసం అంతమంది పిల్లకాయల్ని ఆపుతామా?" అని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఏదో కూర మాడిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నాకు ఆవిడమీద కోపం వచ్చింది. ఆ కోపం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నలభై రోజులు పక్కనే కూర్చుని, సెకన్లు లెక్కపెట్టుకున్నానే తప్ప, ఒక్కసారైనా ఆవిడ ముఖంలోకి చూశానా? చూడలేదు. నా అంత సిగ్గుమాలిన మనిషి ఆ రోజు జిల్లాలో ఇంకొకరు ఉండరు.

మా ఆయన మాలకొండయ్య బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చాక చెప్పాను. అరుస్తాడనుకున్నాను. "అమ్మకి ఉన్నదొక్కటే గదా హైమా" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

ఆదివారం ఒంగోలులో తెలిసిన కళ్ల డాక్టరు ప్రత్యేకంగా చూశారు. గంటసేపు రకరకాల లైట్లు వేశారు. "కన్ను శుభ్రంగా ఉంది. పొర లేదు, నరం బాగుంది" అన్నారు. నేను మెత్తపూత సంగతి మొత్తం విప్పి చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

"కన్నూ మెదడూ కలిసి ప్రతి క్షణం సర్దుకుంటూ ఉంటేనే మనకి లోకం సరిగ్గా కనపడుతుందమ్మా. ఆ పని మీ అద్దం చేసిపెట్టింది. ఈమె మెదడు ఆ పని మానేసింది. రెండు కళ్లుంటే రెండోది కాపలా కాసేది. ఈమెకి ఆ కాపలా లేదు."

"మళ్లీ వస్తుందా సార్?"

"ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. వస్తుందని చెప్పలేను, రాదని చెప్పలేను." మేం గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచారు. "బడులకి పంపుతున్నానన్నారు. ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు పిల్లలుంటారు. ఒక కన్నే పనిచేస్తుంటుంది, రెండోది సోమరి కన్ను. వాళ్లకీ తెలీదు, కన్నవాళ్లకీ తెలీదు."

ఆ రాత్రి షెడ్డులో ఆరు వందల పెట్టెల ముందు నేనూ మస్తానూ కూర్చున్నాం.

"రెండు కళ్లున్నోళ్లకి ఏమీ కాదన్నాడు గదక్కా డాక్టరు" అన్నాడు మస్తాన్. అతని గొంతులో ఆశ ఉంది. నా గుండెలోనూ ఉంది, ఎందుకు దాచాలి? మూడేళ్ల కష్టం. "మనమూ చూశాం గదా. నాకేం కాలేదు గదా."

"ఒక్కో బడికి తక్కువలో తక్కువ ఇద్దరు చొప్పున వేసుకో మస్తానూ. పన్నెండు వందల మంది."

అతను కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే "లారీ వొద్దని ఫోన్ చెయ్" అన్నాడు. చేశాను. ఆ సంస్థవాళ్లు తిట్టారు, పడ్డాను. మెత్తపూత ఊడదీస్తే దాని కింది వెండిపూతా ఊడి వచ్చేస్తుంది, కాబట్టి ఆరు వందల అద్దాలకూ మళ్లీ మొదటినుంచీ మామూలు పూత వేయించాల్సి వచ్చింది. అది ఎనిమిది నెలల కథ, చివరికి పంపాం. ఆ రోజుల్లో నాకు దాని మీద ధ్యాసే లేదు. నా ధ్యాసంతా ఒక్క కంటి మీద.

అత్తకు విశ్రాంతి ఇచ్చాం. డాబా ఎక్కనివ్వలేదు. కంటికి శ్రమ కలిగించకూడదని టీవీ తీసేశాం, బియ్యం ఏరనివ్వలేదు, చివరికి కూరగాయలు కూడా మాలకొండయ్యే తరిగాడు. ఆవిడ మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండేది. రెండు వారాలు గడిచాయి. ఆవగింజంత మార్పు లేదు. పైగా మనిషి డీలా పడిపోయింది. నేను అన్నం పెడుతుంటే, "ఎవరూ?" అని ఒకసారి అడిగింది.

మర్నాడు షెడ్డులో నేను దిగాలుగా కూర్చుని ఉంటే మస్తాన్ టీ తెచ్చి ముందు పెట్టాడు.

"అక్కా, నాకు కాలు విరిగింది గుర్తుందా? కట్టు విప్పాక కూడా నెల్రోజులు కర్ర వదల్లేదు. మా అమ్మ కర్ర దాచిపెట్టింది. అప్పుడు నడిచా."

"మనమూ దాచేశాం గదరా కర్ర. రెండు వారాలైంది."

"దాచావు. మరి నడవమన్నావా? మంచం మీద పడుకోబెట్టావు."

నోటిదాకా వెళ్లిన టీ గ్లాసు అక్కడే ఆగింది. నిజమే. కన్ను ఏ పని మానేసిందో ఆ పనే మళ్లీ పట్టుబట్టి చేయించాలి. దానికి లొంగని అద్దం కావాలి. మొండి అద్దం. కన్ను తడబడితే మసకే చూపించి, సర్దుకుంటేనే సరిగ్గా చూపించేది. నేను మూడేళ్లు తిట్టుకున్న మామూలు అద్దమే. స్టాండు నిలపడం, గొట్టం తూచడం, ఫైండరు కలపడం, పెద్ద అద్దం వెనకుండే మూడు మరల్ని పావు చుట్టు అటూ ఇటూ తిప్పి చూసుకోవడం... అంతకంటే కంటికి కసరత్తు ఏముంటుంది? పిల్లలకి ఎక్కడ కష్టమవుతుందోనని నేను పీకి పారేసిన ముళ్లన్నీ ఇప్పుడు మందు.

అయితే షెడ్డులో మెత్తపూత లేని అద్దం ఒక్కటీ లేదు. అన్నిటికీ ముచ్చటపడి పూశాం కదా. కొత్తది అరగదీసి హైదరాబాదు పంపి పూత వేయించి తెప్పించాలంటే నెల. నెల ఆగే ఓపిక నాకు లేదు.

"బొట్టద్దం ఉండాలి గదక్కా" అన్నాడు మస్తాన్.

మా వైపు లారీకి, బోరు మోటారుకి, కుట్టు మిషనుకి బొట్టు పెట్టందే పని మొదలెట్టరు. ఐదేళ్ల కిందట మా మొట్టమొదటి అద్దం పూత వేయించుకుని వచ్చిన రోజు, నేను అటు తిరిగి ఇటు తిరిగేలోపల అత్త కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, అద్దం నట్టనడుమ పసుపూ కుంకుమా తడిపి బొట్టు పెట్టేసింది. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. అరిచి ఊరుకోకుండా చీర కొంగుతో రుద్దాను. కుంకుమ పలుకులు గరుకు కాగితంలా అద్దాన్ని ఒక పక్కంతా గీకేశాయి, నడుమ అంటుకున్న బొట్టు మాత్రం పోలేదు. పాడైపోయిందని ఆ అద్దాన్ని మూలకి తోసేశాను, నేరం అత్త మీద వేశాను.

నిజానికి ఆవిడ బొట్టు వల్ల చెడింది ఏమీ లేదు. మూతి దగ్గరి చిన్న అద్దం నీడ ఎలాగూ నడుమనే పడుతుంది, అక్కడ ఏమున్నా నష్టం లేదు. పైగా అద్దాలు సూటిగా నిలపడానికి నడుమ ఒక గుర్తు ఉండాలని చేయి తిరిగినవాళ్లు కావాలనే పెడతారు. ఈ సంగతి నాకు ఆ తర్వాత ఏడాదికి తెలిసింది. తెలిశాక కూడా ఆవిడతో చెప్పలేదు. అంత పెద్ద మనసు నాకెక్కడిది?

పాత పలకల దొంతర వెనక దొరికింది బొట్టద్దం. పక్కనున్న గీతలు వెలుగును కాస్త తగ్గిస్తాయి గానీ బొమ్మను చెడగొట్టవు. దుమ్ము ఊది స్కేలు పెట్టి కొలిచాను. బొట్టు నడుమకి వెంట్రుకవాసి తేడా లేదు. కంటిచూపుతో పెట్టింది ఆవిడ! ఆ సాయంత్రమే అద్దం ఇంటికి తీసుకెళ్లి, ఆవిడ చేతిలో పెట్టి, ఐదేళ్ల నాటి నా తప్పు ఒప్పుకున్నాను.

"ఇప్పుడా చెప్పేది?" అంది. వేళ్లతో అద్దం అంచు తడుముతూ, "నేనప్పుడే అనుకున్నా, రుద్దినోళ్లదే పాపమని" అంది. రెండు వారాల తర్వాత మొదటిసారి ఆవిడ గొంతులో వెటకారం వినపడింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

మర్నాటినుంచి మొదలుపెట్టాం. నాలుగింటికి టెలిస్కోపును ముక్కలుగా డాబా మీద పెడతాను. మొత్తం ఆవిడే కట్టాలి. స్టాండు, గొట్టం తేలిగ్గానే అయ్యాయి. ఆ చేతులకు బరువూ సమానమూ తెలుసు. ఫైండరు దగ్గర ఆగిపోయింది. ఊరి చివర సెల్‌ఫోన్ టవరు కొన మీద రెండూ కలపాలి.

"టవరా? నాకు టవరూ లేదు, తాడూ లేదు. బూడిద గుమ్మడికాయ కనపడతంది."

నేను మర తిప్పబోతే చేతి మీద ఒక్కటి వేసింది. "తప్పుకో. నువ్వు తిప్పితే నీ కన్ను బాగుపడద్ది. నాది కాదు." డాక్టరు కూడా ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఆ రోజు చీకటి పడేదాకా కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. వారానికి టవరు గుమ్మడికాయ కాస్తా సొరకాయ అయిందని చెప్పింది. నేను రోజూ పొద్దున్నే లేచి, ఆవిడ బిగించిన మరలన్నీ వదులు చేసి, ఫైండరు వంకర తిప్పి, అన్నీ చెడగొట్టి షెడ్డుకి వెళ్లేదాన్ని. కుదిరినదాన్ని అలా వదిలేస్తే కంటికి పనేముంది? ఆవిడ సందంతా చాటింపు వేసింది. "లోకంలో కోడళ్లు వంట చెడగొడతారు. నా కోడలు పొద్దున్నే లేచి మరలు చెడగొట్టి పోద్ది. సాయంత్రం కూకోని నేను బిగించుకోవాల." పాలు పోసే మనిషి నన్ను అదోలా చూసేది.

పంతొమ్మిదో రోజు అద్దాలు కలిపే దాకా వచ్చింది. కన్ను పెట్టే ఐపీసు తీసేసి ఖాళీ గొట్టంలోకి చూస్తే, చిన్న అద్దంలో పెద్ద అద్దం, పెద్ద అద్దంలో బొట్టు కనపడతాయి. మూడు మరలు తిప్పి ఆ బొట్టును సరిగ్గా నడుమకి తేవాలి.

"ఎర్రగా ఉందమ్మే" అంది.

"గుండ్రంగా ఉందా?"

"ఉండు, తొందరపెట్టబాక." మర ఇంకో పావు చుట్టు తిప్పి, "ఎర్రగా మాత్రం ఉంది" అంది. అది చాలు, ఆ రాత్రి నేను పాయసం వండాను.

అంతా ఇలా ముందుకే సాగలేదు. ఇరవై ఆరో రోజున శుక్రుడు ఒక్క రెప్పపాటు చుక్కలా నిలిచాడని గంతేసినంత పని చేసింది. మరుసటి రోజు టవరు కూడా కనపడలేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ అంతే. ఐదోనాడు స్టూలును కాలితో తన్ని, "ఇంక నావల్ల కాదు, పోయిన కన్ను పోయింది. మీరు కూడా ఒదిలెయ్యండి" అని కిందికి వెళ్లిపోయింది. నేను ఒక్కదాన్నే డాబా మీద కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. ఆవిడ ఇక మా ముఖాలు చూడకుండానే బతకాలేమో, దానికి కారణం నేనేనని తెలిసి నేను బతకాలేమో అని భయం మాత్రం వేసింది. అయినా పొద్దున్నే లేచి మరలు వదులు చేశాను. ఇంకేం చేయాలో తెలియక చేశాను. సాయంత్రం నాలుగింటికి నేను పిలవకముందే పైన స్టాండు చప్పుడు వినపడింది.

అలా మరో పది రోజులు గడిచాయి. చలికాలం, పొద్దు తొందరగా వాలుతోంది. నలభై నాలుగో రోజు ఐదున్నరకి టీ తీసుకుని డాబా మీదికి వెళ్లాను. ఆవిడ ఫైండరు మీద వంగి ఉంది. నా అడుగుల చప్పుడుకి తల ఎత్తి నావైపు తిరిగింది. ఎప్పటిలా నా చెవి పక్కకి కాదు. నా ముఖంలోకి. కనుబొమలు ముడిచింది.

"ఏందమ్మే ఆ కళ్లకింద నలుపు? కాటుక చెరిగినట్టు?"

నేను నిలబడ్డచోటే ఆగిపోయాను. నాకూ ఆవిడకీ మధ్య ఆరేడు అడుగుల దూరం ఉంది. ఏ గొట్టమూ లేదు, ఏ అద్దమూ లేదు.

"ఎప్పుడొచ్చినయ్ ఇయ్యి?"

"నీకు కనపడకుండా పోయినప్పటినుంచి అత్తా."

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. ఆవిడ పక్కన కింద కూలబడి ఏడ్చాను. రెండు నెలలుగా దాచుకున్నదంతా ఏడ్చాను. ఆవిడ గడ్డం పట్టుకుని నా ముఖం వెలుగుకేసి తిప్పి, పలకను చూసినట్టు అటూ ఇటూ చూసింది. చెంప మీద మచ్చ ఒకటి కొత్తగా వచ్చిందని కూడా చెప్పింది. రాత్రిళ్లు నిద్రపోకుండా ఏం చేస్తున్నావని తిట్టింది.

"పో. పోయి పడుకో."

"ఇప్పుడా? దీపాలు పెట్టే వేళ పడుకోకూడదంటావు గదా."

"దీపం నేను పెడతాలే" అంది మా అత్త, లేచి చీర దులుపుకుంటూ. "వత్తి కనపడద్ది గదా ఇప్పుడు."